తొట్టి కడిగిన రోజు

మా అల్లుడు రెండో పెళ్లి చేసుకున్నది ఎనభై నాలుగులో, మే నెలలో. చేసుకోమని చెప్పింది నేనే. నా కూతురు దీనమ్మ పోయి అప్పటికి ఏడాది దాటింది. మనవరాలు షారోనుకి తొమ్మిదేళ్లు. ఆ పిల్లకి జడ వెయ్యడం నాకూ రాదు, వాళ్ల నాన్నకూ రాదు. ఇంకేం చెప్పను.

మా వైపు ఒక పద్ధతి ఉంది. రెండో భార్యగా వచ్చిన పిల్ల, పోయిన భార్య తల్లిదండ్రులకు కూతురవుతుంది. వాళ్లు చీర పెడతారు. ఆమె వాళ్లను అమ్మా, నాన్నా అని పిలుస్తుంది. తెలుగు చర్చిలో పెళ్లయ్యాక నేనూ చీర పెట్టాను. దీనమ్మ పెట్టెలో మడత విప్పనిది ఒకటి ఉంటే అదే పెట్టాను. పాస్టరుగారు అందరూ వినేలా, "జ్ఞానమ్మా, ఇక ఈయన మీ నాన్నగారు" అన్నారు. జ్ఞానమ్మ చీర అందుకుని, "థాంక్యూ అంకుల్" అంది.

చర్చిలో కాఫీ పోసేవాడు కూడా అంకులే.

ఆమె ఆస్పత్రిలో నర్సు. చెడ్డ మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెప్పడానికి నాకు మనసు రాకపోవచ్చు.

ఇల్లు అమెరికాలో, నోవై అనే ఊళ్లో. అక్కడి ఇళ్లకి బేస్‌మెంటు కిటికీలు నేలకంటే కిందికి ఉంటాయి. వెలుతురు పడడానికి కిటికీ ముందు మట్టి తవ్వి, చుట్టూ వంపు రేకు పాతుతారు. పెళ్లి తర్వాత కొన్నాళ్లకు వాన పట్టింది. వెలిశాక చూస్తే షారోను ఆ రేకు గుంత అంచున గొంతుక్కూచుని ఉంది.

"తాతా, కమ్."

తల్లి పోయాక ఆ పిల్ల ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. ఆకలి, స్కూలు, టీవీ, అంతే. నేనూ మాటకారిని కాను. రైలు పట్టాల మీద గ్యాంగులో పనిచేసి బతికినవాణ్ణి. అక్కడ మాట్లాడేది సమ్మెట. ఒకే ఇంట్లో ఇద్దరం, రెండు కుర్చీల్లాగా ఉండేవాళ్లం. అందుకే కమ్ అనగానే వెళ్లాను.

గుంతలో రెండు గోండ్రుకప్పలు. ఒకటి నా పిడికిలంత, ఒకటి దానిలో సగం. వానకి లోపల పడ్డాయి. రేకు నున్నగా ఉండి ఎక్కలేకపోతున్నాయి. పెద్దది ఎగిరి, రేకుకి తగిలి, పడి, మళ్లీ మొహం అటే పెట్టి కూర్చుంటోంది.

నేను బోర్లా పడుకుని చెయ్యి దించి పట్టుకున్నాను. అది నా మణికట్టు మీద ఉచ్చ పోసింది.

షారోను నవ్వింది. ఏడాది తర్వాత విన్నాను ఆ నవ్వు. "ఇట్ పీడ్ ఆన్ యూ! తాతా, నీ మీద ఉచ్చ పోసింది!"

"పొయ్యనీలే."

"మనం ఉంచుకుందామా? ప్లీజ్?"

నేను ఊఁ అన్నాను. అడగాల్సినవాళ్లని అడగకుండానే.

గరాజ్‌లో పాత చేపల తొట్టి ఒకటి ఉంది, గాజుది. అడుగున మట్టి పోసి, ఎండుటాకులు వేసి, పగిలిన పూలకుండీ ఒకటి బోర్లించాను. ఇంతవరకు నాకు తెలుసు. ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియదు. ఇంటికొచ్చిన ప్రాణికి ముందు అన్నం పెట్టడం తెలుసు కనక నాలుగు మెతుకులు వేశాను. పెద్దది మెతుకుల మీద కాలేసుకుని కూర్చుంది.

జ్ఞానమ్మ డ్యూటీ నుంచి వచ్చి చూసింది. తెల్ల బట్టల్లో గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"అంకుల్, అది అన్నమా?"

"ఊఁ."

"పెరుగు కలపలేదేం పాపం?"

షారోను కిసుక్కుమంది. వాళ్లిద్దరూ కలిసి నవ్వడం అదే మొదటిసారి. నా మీదే నవ్వారు. పోనీలే అనుకున్నాను.

మర్నాడు చచ్చిన ఈగ వేశాను. దాన్నీ చూడలేదు. అప్పుడు షారోను వాళ్ల నాన్న చేత లైబ్రరీకి తీసుకెళ్లించుకుని పుస్తకం తెచ్చింది. బేస్‌మెంటు మెట్ల మీద కూర్చుని ఒక్కో ముక్కా చదివి నాకు తెలుగులో చెప్పేది. స్కూళ్లు తెరిస్తే ఆ పిల్ల నాలుగో తరగతి. నేను మూడుతో ఆపినవాణ్ణి. ఆ వరస సరిపోయింది.

"ఫుడ్ మూవ్ అవ్వాలి తాతా. కదలకపోతే వాళ్లకి కనిపించదు."

"ఎదురుగా ఉన్నా?"

"ఎదురుగా ఉన్నా. నాట్ మూవింగ్ అంటే, అది లేదు అనుకుంటారు."

ఆ ఇంట్లో సోఫా మూల కూర్చునే నాకు ఆ సంగతి కొంత తెలుసు.

పెరట్లో తవ్వితే ఎర్రలు, అదే వానపాములు, దొరికాయి. ఒకటి ముందు వేస్తే పెద్దది మెడ వంచి చూసింది. వెనకకాలి వేళ్లు టకటకా ఆడించింది. నాలుక ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో, ఎర్ర సగం నోట్లో ఉంది. రెండు చేతులతో మిగతాది లోపలికి తోసుకుంది, సేమ్యా తినే పిల్లాడిలాగా. మింగేటప్పుడు కళ్లు గట్టిగా మూసింది.

"కళ్లతో పుష్ చేస్తారు! కళ్లు లోపలికి వెళ్లి ఫుడ్‌ని తోస్తాయి. బుక్‌లో ఉంది!"

ఆదివారం బడిలో ఆ వారం ఐగుప్తు తెగుళ్ల పాఠం, దేవుడు ఫరో రాజు మీదికి కప్పల్ని పంపిన పాఠం, అయింది. షారోను పెద్దదానికి ఫరో అని, చిన్నదానికి మోషే అని పేర్లు పెట్టింది. పెద్దది ఆడదని పుస్తకంలో ఉందట. అయినా పేరు మార్చలేదు.

నీళ్ల సంగతి కూడా ఆ పుస్తకమే చెప్పింది. పంపు నీళ్లు తిన్నగా పొయ్యకూడదు. వాటిలో మందు ఉంటుంది. బకెట్లో పట్టి ఒక రోజు ఉంచాలి.

"వాళ్లు నోటితో తాగరు తాతా. నీళ్లలో కూచుంటారు. తోలుతో తాగుతారు. సో, సబ్బు చేతులతో పట్టుకోకూడదు. సిక్ అయిపోతారు."

వెనక బట్టలు మడత పెడుతున్న జ్ఞానమ్మ విని, "పట్టుకున్నాక మాత్రం సబ్బుతో కడగాలి. రెండుసార్లు" అంది.

"ముందు నో సబ్బు. తర్వాత సబ్బు."

"ఓకే. ముందు ఉత్త నీళ్లు, తర్వాత సబ్బు. డీలా?"

"డీల్."

"అంకుల్, మీకు కూడా."

నేను తల ఊపాను.

అలా ఆ వేసవి నడిచింది. పొద్దున్నే ఎర్రలు తవ్వడం, బకెట్ నింపడం, పాత నీళ్లు చెట్లకి పొయ్యడం నా పని. షారోను పక్కనే నడుస్తూ మాట్లాడేది. సగం ఇంగ్లీషు. నాకు తెలిసింది సగం, తెలియనిది సగం. అన్నిటికీ ఊఁ కొట్టేవాణ్ణి. ఒకరోజు ఫరో తోలు విడిచింది. చొక్కా విప్పినట్టు తల మీంచి లాక్కుని, ఆ తోలు తనే తినేసింది. దాన్ని చూస్తూ ఆ పిల్ల, "మమ్మీకి హాస్పిటల్‌లో స్కిన్ ఇలా డ్రై అయిపోయింది కదా తాతా" అంది. తల్లి మాట ఎత్తడం అదే మొదలు. నేను ఊఁ అన్నాను. ఇంకేదైనా అనాల్సింది.

నా వీసా సెప్టెంబరు దాకా. దీనమ్మకి జబ్బు చేసినప్పుడు వచ్చినవాణ్ణి, పొడిగిస్తూ ఉన్నాను. జూలైలో ఒక సాయంత్రం అల్లుడు ప్రేమానందం గడ్డి కోసే మిషను ఆపి నా దగ్గరికి వచ్చాడు. చెడ్డ మాట చెప్పేటప్పుడు అతను ముందు చెమట తుడుచుకుంటాడు.

"మామయ్యా, ఈసారి కూడా ఎక్స్‌టెండ్ చేద్దామా అని... మీకిక్కడ బోర్ కొడుతుందేమో. చలి కూడా పడదు మీకు."

"మీ ఇష్టం బాబూ."

"నా ఇష్టం అని కాదు మామయ్యా. జ్ఞాన కూడా కొత్తగా వచ్చింది. తనకీ కాస్త..."

మాట పూర్తి కాలేదు. నాకు పూర్తయింది. కూతురు లేని అల్లుడింట్లో నేనెవర్ని? ఆ ప్రశ్న నేనే రోజూ వేసుకుంటున్నాను. షారోను మెట్ల మీంచి వింటోంది.

"డాడ్, తాత వెళ్లకూడదు. నాకు స్కూల్ ఉంటుంది. ఫరోకి, మోషేకి ఎవరు ఫీడ్ చేస్తారు? నువ్వా?"

"నేనా? అమ్మో!"

"సో?"

జ్ఞానమ్మ కిటికీలోంచి నవ్వింది. ప్రేమానందం కూడా నవ్వాడు. "సరే తల్లీ. నీ కప్పలున్నన్నాళ్లూ తాతయ్య ఉంటారు. ఓకేనా?"

నవ్వులాటకే అన్నాడు. కానీ షారోను వెళ్లి వాళ్ల నాన్న చేత చెయ్యి కలిపించుకుని వచ్చింది. ఆ రోజు నుంచి తొట్టిలోకి చూసినప్పుడల్లా నాకు కప్పలు ఒక్కటే కనిపించలేదు.

ఆగస్టులో వానలు తగ్గి ఎర్రలు లోతుకి పోయాయి. జ్ఞానమ్మ డ్యూటీ నుంచి వస్తూ చెరువు దగ్గర, చేపల గాలాలు అమ్మే కొట్లో కీచురాళ్లు కొనుక్కొచ్చేది. అట్టపెట్టెలో అవి చిటపటలాడుతుంటే పెట్టెని కారు వెనక సీట్లో దూరంగా పెట్టి, దానికీ బెల్టు కట్టి తెచ్చేది. పురుగంటే ఆమెకి ఒళ్లు జలదరిస్తుంది. అయినా తెచ్చేది. షారోనుకి రెండు జడలు వేసేది. బిగుతుగా, చక్కగా ఉండేవి. ఒక శనివారం వంటింట్లోంచి ఆ పిల్ల గొంతు వినిపించింది. "మమ్మీ, వేర్ ఈజ్ మై రిబ్బన్?" జ్ఞానమ్మని ఆ పిల్ల అంతకుముందు అలా పిలవలేదు. ఆమె, "ఫ్రిజ్ మీద ఉంది నాన్నా" అంది.

నేను పెరట్లోకి వెళ్లి కాసేపు ఊరికే మట్టి తవ్వాను.

ఆ నెలాఖరులో మా ఇంట్లో గృహ ప్రార్థన పెట్టుకున్నారు. కొత్త పెళ్లికూతురి ఇల్లు కదా, చర్చి వాళ్లంతా చూడ్డానికి వస్తారు. జ్ఞానమ్మ ముందు రోజు నుంచే ఇల్లు కడగడం మొదలుపెట్టింది. తివాచీలు, కిటికీలు, బాత్రూములు. ఆమె కడిగిన నేల మీద అడుగు వెయ్యాలంటే నాకు భయం. ప్రార్థన రోజు మధ్యాహ్నం ప్రేమానందం నన్నూ షారోనునీ కారులో ఎక్కించుకుని, చర్చి నుంచి మడత కుర్చీలు తేవడానికి తీసుకెళ్లాడు.

తిరిగొచ్చాక అతనూ షారోనూ కుర్చీలు దింపుతున్నారు. నేను ముందు లోపలికి వెళ్లాను. తొట్టి బేస్‌మెంటులో లేదు. హాల్లో, కిటికీ కింద, బల్ల మీద ఉంది. కింద తెల్లటి గుడ్డ పరిచి ఉంది. గాజు తళతళ మెరుస్తోంది. మట్టి తీసేసి కొత్త మట్టి పోశారు. కుండీ పెంకు కూడా కడిగారు. కప్పలు రెండూ నీళ్ల పళ్లెంలో ఉన్నాయి.

జ్ఞానమ్మ నా వెనకే వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"షారోనుకి సర్‌ప్రైజ్ అంకుల్. సబ్బు ముట్టుకోలేదు, భయపడకండి. ఆస్పత్రిలో చేసినట్టే బ్లీచ్ పోసి రుద్ది రుద్ది కడిగాను. కాళ్లు మట్టిగా ఉన్నాయని వాటిని కూడా ఒక్కసారి అందులో ముంచి తీశాను. తర్వాత మంచి పంపు నీళ్లు పోశాను. ఎంత నీట్‌గా..."

నాకు అప్పటికే వాసన తగిలింది. ఫరో కాళ్లు వెనక్కి చాపి ఉంది. కప్ప ఎప్పుడూ అలా కాళ్లు చాపి ఉండదు. మోషే పొట్ట ఎర్రగా కమిలి ఉంది. వేలితో ముట్టుకున్నాను. కదల్లేదు. బకెట్లో పట్టి ఉంచిన నీళ్లు తెచ్చి పోశాను. ఫరో గొంతు ఒకసారి ఆడింది. తర్వాత అదీ లేదు.

జ్ఞానమ్మ నా మొహం చూసింది. తొట్టి చూసింది. నర్సు కదా, ఇంకొకరు చెప్పక్కర్లేకపోయింది. చేతిలో గుడ్డ వదిలేసి, "అయ్యో ప్రభువా" అంది.

అప్పుడు షారోను వచ్చింది.

వచ్చి ముందు ఆశ్చర్యపోయింది, బల్ల మీద మెరుస్తున్న తొట్టిని చూసి. తర్వాత దగ్గరికి వెళ్లింది. "ఫరో?" అంది. గాజు మీద వేలితో కొట్టింది. "ఫరో? మోషే?" ఏడవలేదు. జ్ఞానమ్మ నడుం పట్టుకుని, ఆమె పొట్టకి మొహం ఆనించి, అక్కణ్ణుంచే తల తిప్పి అడిగింది.

"హూ వాష్డ్ ఇట్?"

జ్ఞానమ్మ చెయ్యి ఆ పిల్ల తల మీద ఉంది. ఆమె పెదాలు కదిలాయి.

"నేనే కడిగాను" అన్నాను.

నేను గొప్పవాణ్ణేం కాదు. ఆ మాట అన్నది ఆమె కాస్త ఊపిరి తీసుకోవడానికి. తీసుకుని, "కాదు, నేను" అంటుందని. నేను ఆమె మొహమే చూస్తున్నాను. ఆమె నోరు తెరిచింది.

కాలింగ్ బెల్ మోగింది.

ఆమె కళ్లు తుడుచుకుని తలుపు దగ్గరికి వెళ్లింది. "వందనాలండీ, రండి, రండి."

షారోను నా వైపు చూసింది. "నీకు తెలుసు. నీకు రూల్ తెలుసు తాతా. బుక్ నేను చదివాను కదా నీకు."

నేను ఊఁ అన్నాను.

తొట్టి ఎత్తుకుని గరాజ్‌లోకి వెళ్లాను. లోపల కీర్తన మొదలయ్యే ముందు, చర్చి నుంచి వచ్చిన రూతమ్మగారి గొంతు పెద్దగా వినిపించింది. "ఏదమ్మా షారోనూ, మీ ఫరోగారేడి? మోషేగారేడి? కప్పకి ప్రవక్త పేరు పెట్టావని పాస్టరమ్మగారు కోపంగా ఉన్నారు, చూసిపోదామని వచ్చాం!" ఎవరో నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎవరో గొంతు తగ్గించి చెప్పినా గరాజ్‌లోకి వినిపించింది. "పాపం, పెద్దాయన. తెలీక."

పెరట్లో, ఎర్రలు తవ్విన చోటే గుంత తీశాను. షారోనుని పిలవడానికి కిటికీ దగ్గరికి వెళ్లాను. లోపల అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. ఆ పిల్ల జ్ఞానమ్మ ఒళ్లో ముడుచుకుని ఉంది. జ్ఞానమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూసింది. చూసి, కళ్లు మూసుకుంది.

నేనే పూడ్చాను.

తర్వాత రోజుల్లో జ్ఞానమ్మ నన్ను బాగా చూసుకుంది. అడక్కుండానే కూర రెండోసారి వడ్డించేది. నా మంచానికి కొత్త దుప్పటి తెచ్చింది. నేను ఎదురు చూస్తున్నాను. ఇవాళ చెబుతుంది, రేపు చెబుతుంది. ఒకరోజు గిన్నెలు సర్దుతూ ఆమే మొదలుపెట్టింది.

"అంకుల్, ఆ రోజు మీరు..."

"షారోనుతో చెప్పమ్మా."

"చెప్తాను. తప్పకుండా చెప్తాను. ఇప్పుడిప్పుడే మమ్మీ అంటోంది అంకుల్. స్కూల్ సెటిల్ అవ్వనివ్వండి. ప్లీజ్."

స్కూలు తెరిచారు. షారోను నా వైపు చూడకుండా కార్న్‌ఫ్లేక్స్ తిని, బస్సెక్కి వెళ్లిపోయేది. నేను తలుపు దగ్గర నిలబడేవాణ్ణి. కదిలేవాణ్ణి కూడా. అయినా కనిపించలేదు.

ప్రేమానందం ఒక ఆదివారం భోజనాల దగ్గర చెమట తుడుచుకున్నాడు. ఎండ లేదు, చెమటా లేదు. "మామయ్యా, టికెట్ బుక్ చెయ్యమంటారా మరి?"

నేను షారోనుని చూశాను. ఆ పిల్ల ప్లేటులోకి చూస్తోంది. జ్ఞానమ్మ మంచినీళ్లు తేవడానికి లేచింది. గ్లాసులు నిండుగానే ఉన్నాయి.

"చెయ్యండి బాబూ" అన్నాను.

ఎయిర్‌పోర్టులో జ్ఞానమ్మ నా చేతిలో స్వెట్టరు పెట్టింది. "విమానంలో చలిగా ఉంటుంది, వేసుకోండి" అంది. నేను లోపలికి తిరిగాక వెనక నుంచి పిలిచింది. పదిమందీ తిరిగి చూసేంత గట్టిగా.

"నాన్నగారూ!"

పెళ్లినాటి నుంచి నేను వినాలనుకున్న పిలుపు అది. నేను వెనక్కి తిరగలేదు. స్వెట్టరు విమానంలో సీటు మీద వదిలేశాను.

మొన్న ఎనభై తొమ్మిది క్రిస్మస్‌కి చీరాలలో మా పాస్టరుగారింటికి ఫోన్ వచ్చింది. షారోనుకి ఇప్పుడు పద్నాలుగేళ్లు. గొంతు అచ్చం దీనమ్మదే. తెలుగు మాత్రం ముక్కలు ముక్కలుగా వస్తోంది. కుశలం అడిగింది. స్కూల్లో బయాలజీ అంటే ఇష్టమట. అంతలో నవ్వింది.

"తాతా, యూ రిమెంబర్? నా కప్పలు నువ్వు చంపేశావు. నేను చాలా మ్యాడ్‌గా ఉండేదాన్ని. ఇప్పుడు లేదు." కాసేపు మాట కోసం వెతుక్కుంది. "నేను నిన్ను క్షమించాను తాతా."

ఆ మాట ఆ పిల్లకి ఎక్కడిదో నాకు తెలుసు. పరలోక ప్రార్థనలోది. దీనమ్మ ఒళ్లో కూర్చుని నేర్చుకున్నది.

"మీ మమ్మీ పక్కనే ఉందా?" అని అడిగాను.

"ఉంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. వింటోంది."

"ఏమంటోంది?"

అటునుంచి నీళ్లు పడుతున్న చప్పుడు వచ్చింది. చాలాసేపు వచ్చింది.

"ఏమీ అనట్లేదు తాతా" అంది షారోను. "గిన్నెలు కడుగుతోంది."